ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో ఎక్కువ భాగం పదాల ఆటల మీదే. ‘ఫలానా అక్షరాలు వచ్చే ఐదక్షరాల ఇంగ్లీషు మాటల లిస్టు ఇవ్వండి’ అని చాలామంది అడిగారు. లిస్టు ఇవ్వడం పెద్ద పనేం కాదు, నెట్‌లో దొరుకుతూనే ఉంటుంది. కానీ లిస్టు కంటే పనికొచ్చేది ఒకటుంది: ఇంగ్లీషులో ఏ అక్షరం పక్కన ఏ అక్షరం కూర్చుంటుంది, ఏది మాట మొదట్లో ఉంటుంది, ఏది చివరికి వెళ్తుంది అన్న ఎరుక. దాని మీదే ఈ జవాబులన్నీ.

ప్రశ్న: నేనూ మావారూ రోజూ పొద్దున కాఫీ తాగుతూ వర్డల్ ఆడతాం. ఆయన మొదటి మాట ఎప్పుడూ ‘అడ్యూ’నే (ఏ, డీ, ఐ, ఈ, యూ). ఒకే దెబ్బకి నాలుగు అచ్చులు తేలిపోతాయి కదా అంటారు. నేను ‘క్రేన్’ వేస్తాను. ఇద్దరిలో ఎవరిది రైటు? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీదేనండీ. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, మీవారికి కూడా చదివి వినిపించండి.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. దాచిపెట్టిన ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అక్షరం ఉండాల్సిన గడిలోనే ఉంటే ఆకుపచ్చ, మాటలో ఉంది కానీ వేరే గడిలో ఉంటే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు వస్తుంది. జోష్ వార్డల్ అనే ఇంజనీరు పదాల ఆటలంటే ఇష్టపడే తన భాగస్వామి పలక్ షా కోసం దీన్ని తయారుచేసి 2021లో అందరికీ అందుబాటులో పెట్టారు. ఇంగ్లీషులో దాదాపు 12,000 ఐదక్షరాల మాటలుంటే, అవన్నీ జవాబులుగా పెడితే మామూలు మనిషి ఆడలేడని, ఆవిడ ఒక్కో మాటా చూసి తనకు తెలిసినవి, తెలియనివి వేరుచేశారు. అలా మిగిలిన జవాబుల జాబితాలో 2,315 మాటలున్నాయి. 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ ఈ ఆటను కొనేసింది.

ఆ పాత జాబితాలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే మొదట ఈ, తర్వాత ఏ, ఆ తర్వాత ఆర్, ఓ, టీ, ఎల్, ఐ, ఎస్, ఎన్ వస్తాయి. యూ వీటన్నిటి కంటే వెనకపడుతుంది, డీ ఇంకా వెనక. అంటే ‘అడ్యూ’లో ఉన్న ఐదింట్లో రెండు గళ్లు తక్కువ పనికొచ్చే అక్షరాలకు పోయినట్టే. అంతకంటే పెద్ద విషయం, అచ్చు ఉందని తెలిసినంత మాత్రాన మాట దొరకదు. ఏ, ఈ రెండూ ఉన్నాయని తెలిస్తే ఇంకా వందల మాటలు మిగిలే ఉంటాయి. అదే సీ, ఆర్, ఎన్ ఉన్నాయని తెలిసిందనుకోండి, క్రేన్, క్రౌన్, చర్న్, స్కార్న్, ఏకార్న్, కార్నీ, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే మిగులుతాయి. ఇంగ్లీషు మాటకు ఎముకలు హల్లులే.

2022లో అమెరికాలోని ఎంఐటీలో బెర్ట్‌సిమాస్, పాస్కోవ్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్‌తో ఈ ఆటను పూర్తిగా లెక్కకట్టి, ‘సాలెట్’తో మొదలుపెడితే సగటున 3.42 ప్రయత్నాల్లో ముగించొచ్చని తేల్చారు. ఎస్, ఏ, ఎల్, ఈ, టీ. పాతకాలపు సైనికుల ఇనప టోపీ ఒకదాని పేరది. మనకి అంత అక్కర్లేదు, ‘స్లేట్’లో కూడా అవే ఐదు అక్షరాలు, పైగా అందరికీ తెలిసిన మాట. ‘క్రేన్’ కూడా మంచి మాటే, మార్చకండి.

మీవారు ‘అడ్యూ’ వదలనంటే మాత్రం గొడవ పెట్టుకోకండి. రెండో మాటగా ‘స్నార్ట్’ వేయమనండి. ఎస్, ఎన్, ఓ, ఆర్, టీ. రెండు మాటలు కలిపి పది వేరువేరు అక్షరాలు తేలిపోతాయి, ఐదు అచ్చులూ అందులోనే వచ్చేస్తాయి.

ప్రశ్న: మూడో అక్షరం ఏ, చివరి అక్షరం ఈ ఉన్న మాటలు కావాలని వెతికితే పెద్ద లిస్టు వస్తోంది సార్. చదివితే బుర్రలో ఒక్కటీ నిలవట్లేదు. దీనికేమన్నా పద్ధతి ఉందా? (ఖమ్మం నుంచి ఒక ఇంటర్ విద్యార్థి)

జవాబు: ఉంది బాబూ, ఈ కాగితంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న నీదే. అక్షరక్రమంలో ఉన్న లిస్టును పైనుంచి కిందికి చదివితే ఎవరికీ నిలవదు, ఎందుకంటే ఏ తర్వాత బీ వస్తుందన్న వరసకీ మాట నిర్మాణానికీ ఏ సంబంధమూ లేదు. మాటలను కుటుంబాలుగా విడదీసుకో.

నువ్వడిగిన అమరికలో మూడు కుటుంబాలున్నాయి. మొదటిది, అన్నిటికంటే పెద్దది: ముందు రెండు హల్లులు జంటగా వస్తాయి, తర్వాత ఏ, తర్వాత ఒక హల్లు, చివర పలకని ఈ. గ్రేప్, ప్లేన్, బ్లేమ్, షేడ్, స్టేజ్, స్కేట్, వేల్, ఫ్రేమ్, క్రేన్, స్నేక్, బ్రేవ్, ట్రేడ్. చివర ఈ తాను పలకదు కానీ ముందున్న ఏ చేత ‘ఏ’ అని తన పేరే పలికిస్తుంది, అందుకే అన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఇక్కడ నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది మాటల్ని కాదు, జంటల్ని: బీ-ఎల్, బీ-ఆర్, సీ-ఆర్, డీ-ఆర్, ఎఫ్-ఎల్, ఎఫ్-ఆర్, జీ-ఆర్, పీ-ఎల్, ఎస్-హెచ్, ఎస్-టీ, ఎస్-కే, ఎస్-ఎన్, ఎస్-పీ, టీ-ఆర్, డబ్ల్యూ-హెచ్. మాట మొదట్లో ఇలాంటి జంటలు ఓ పాతిక దాకా ఉంటాయి, అంతే. ఒక్కో జంటనూ పెట్టి నోటితో అని చూస్తే మాట దానంతటదే తగులుతుంది.

రెండో కుటుంబంలో రెండో అక్షరం ఈ, మూడోది ఏ. పీస్, లీవ్, లీజ్, టీజ్, వీవ్, హీవ్. ఇక్కడ ఈ-ఏ కలిసి ‘ఈ’ అని పలుకుతాయి, కాబట్టి చెవికి ఇది పూర్తిగా వేరే కుటుంబం. మూడోది అచ్చుతో మొదలయ్యేవి: అవేక్, అమేజ్, ఎరేజ్, ఇవేడ్, ఇమేజ్, యూసేజ్. చాలామంది తడబడేది ఈ మూడో దాంట్లోనే, ఎందుకంటే మనసు ఎప్పుడూ హల్లుతోనే మొదలుపెట్టాలని చూస్తుంది. వీటిలో ఇమడని ‘క్వేక్’ లాంటివి కొన్ని ఉంటాయి, అవి విడిగా చూసుకో.

వెతకాలనిపిస్తే వన్‌లుక్ అనే డిక్షనరీ సైట్ ఉంది, తెలియని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్న గుర్తు పెట్టాలి. నీ ప్రశ్నకైతే రెండు ప్రశ్న గుర్తులు, ఏ, ఒక ప్రశ్న గుర్తు, ఈ. ఎన్ని అక్షరాలో తెలియనప్పుడు నక్షత్రం గుర్తు వాడొచ్చు. కాకపోతే ముందు పది నిమిషాలు కాగితం మీద నీకు నువ్వు రాసుకుని, ఆ తర్వాత చూడు. రాసుకున్నాక చూసే లిస్టు బాగా ఎక్కుతుంది.

ప్రశ్న: ‘గీస్’ (జీ, ఈ, ఈ, ఎస్, ఈ) అని వేశాను. మూడు ఈలు ఉన్నాయి కదా, ఒకటి ఆకుపచ్చ, రెండు బూడిద వచ్చాయి. ఈ ఉన్నట్టా, లేనట్టా? (రాజమండ్రి నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: ఉన్నట్టేనండీ, కానీ ఒక్కసారే. జవాబులో ఒక అక్షరం ఎన్నిసార్లుందో అన్నిసార్లే రంగు పడుతుంది, మిగతావి బూడిదే. ఆ రోజు జవాబు ‘క్రేన్’ అనుకోండి, చివరి గడిలో ఈ సరిపోయింది కాబట్టి అది ఆకుపచ్చ, మిగతా రెండు ఈలకు వాటా లేదు. అదే జవాబు ‘స్టీల్’ అయితే మూడో గడిలో ఈ ఆకుపచ్చ, రెండో గడిలోది పసుపు, ఐదో గడిలోది బూడిద అవుతుంది, అంటే మొత్తం రెండు ఈలు ఉన్నాయని మీకు తెలిసిపోయింది. ముందు ఆకుపచ్చలు పంచుతారు, మిగిలితే ఎడమ నుంచి పసుపులు. ఇది నిజానికి చాలా విలువైన సమాచారం, బూడిద చూసి నిరాశపడకండి.

ప్రశ్న: చివరి నాలుగు అక్షరాలూ ఆకుపచ్చే, ఐ, జీ, హెచ్, టీ. అయినా ఆరు ప్రయత్నాలూ అయిపోయి ఓడిపోయాను. ఎన్నో రోజులుగా తెగకుండా వస్తున్న వరస పోయింది. చాలా బాధేసింది. (అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ బాధ అర్థమైంది, ఈ ఆటలో అందరూ పడే గుంట ఇది. ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. ఎనిమిది మాటలు, మొదటి అక్షరం ఒక్కటే తేడా. ఒక్కోటీ వేసుకుంటూ పోతే ప్రయత్నాలు చాలవు.

ఇలాంటప్పుడు గెలవాలన్న తొందర పక్కనబెట్టి ఒక ప్రయత్నాన్ని కావాలనే ఖర్చుపెట్టాలి. ‘ఫిల్మ్స్’ వేయండి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒకే మాటలో ఉన్నాయి. వాటిలో ఏదన్నా పసుపో ఆకుపచ్చో వస్తే జవాబు అదే. ఏదీ రాకపోతే ఎయిట్, నైట్, రైట్, టైట్ మాత్రమే మిగులుతాయి. ఒక్క ప్రయత్నంతో సగం తేలిపోయింది. ‘ఫిల్మ్స్’ జవాబు కాదని మనకు తెలుసు, ఎస్ చేర్చి చేసే బహువచనాలు జవాబులుగా మామూలుగా రావు కూడా, కానీ వేస్తే ఆట ఒప్పుకుంటుంది, అదే మనకు కావాల్సింది. బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, ల్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్ దగ్గరా ఇదే ఉపాయం. బౌండ్, ఫౌండ్, హౌండ్, మౌండ్, పౌండ్, రౌండ్, సౌండ్ దగ్గరా ఇదే.

హార్డ్ మోడ్‌లో ఆడేవాళ్లకు ఈ దారి మూసుకుపోతుంది, అక్కడ దొరికిన అక్షరాలు తర్వాతి మాటలో తప్పకుండా వాడాలి కాబట్టి. వాళ్లు మొదట్లోనే ఇలాంటి గుంటల వైపు వెళ్లకుండా చూసుకోవాలి.

ప్రశ్న: ‘ఫేవర్’కి ఆరక్షరాలు కదా, ఐదక్షరాల ఆటలో ఎలా వస్తుంది? (గుంటూరు నుంచి)

జవాబు: అమెరికా స్పెల్లింగులో యూ ఉండదు, అందుకే ఐదే. 2022 జనవరిలో ఆ మాట జవాబుగా వచ్చినప్పుడు బ్రిటన్‌లో చాలామంది గింజుకున్నారు. మనం బడిలో నేర్చుకున్నది బ్రిటిష్ స్పెల్లింగే కాబట్టి మనకూ అదే ఇబ్బంది. హ్యూమర్, కలర్, ఆనర్, లేబర్, ఫైబర్, మీటర్ ఇలాంటివన్నీ అమెరికా పద్ధతిలో ఒకసారి రాసి చూసుకోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు అందరం చేరి, అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆడతాం. మా తోడికోడలు క్యూ, ఐ రెండే పెట్టి ‘చీ’ అనే మాట ఉందంది. క్యూ పక్కన యూ లేకుండా మాట ఉంటుందా? చివరికి అత్తయ్య దాకా పంచాయితీ వెళ్లింది. (హైదరాబాద్ నుంచి)

జవాబు: అత్తయ్యగారికి చెప్పండి, తోడికోడలిదే న్యాయం. చైనీయులు ప్రాణశక్తి అనే అర్థంలో వాడే మాట అది. అమెరికా స్క్రాబుల్ జాబితాలోకి 2006లో వచ్చింది, మన దేశంలో పోటీల్లో వాడే కాలిన్స్ జాబితాలోనూ ఉంది. క్యూకి పది పాయింట్లు. మూడు రెట్ల అక్షరం గడిలో క్యూ పడి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి ఆ మాట ఏర్పడితే ఒక్క దెబ్బకి 62 పాయింట్లు. మీ తోడికోడలు బాగానే చదువుకుని వచ్చారు.

క్యూకి అంత విలువ ఎందుకంటే, 1930లలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు ఈ ఆట తయారుచేస్తూ పేపర్ల మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో కూర్చుని లెక్కపెట్టారు. ఆ లెక్కతోనే వంద బిళ్లల్లో ఈకి పన్నెండు, క్యూకి ఒక్కటి కేటాయించారు. ఎస్ నిజానికి చాలా ఎక్కువగా వచ్చే అక్షరమే అయినా నాలుగే ఇచ్చారు, లేకపోతే ప్రతివాళ్లూ మాట చివర ఎస్ తగిలించి పాయింట్లు కొట్టేస్తారని.

ఇంకో సంగతి. యూ లేని క్యూ మాటలు ఇంగ్లీషువాళ్లకు కష్టం కానీ హైదరాబాద్ వాళ్లకు కాదు. ఫకీర్, నికాబ్, బుర్ఖా, తలాక్ ఈ నాలుగింటినీ క్యూతో రాసే స్పెల్లింగులు జాబితాలో ఉన్నాయి, నాలుగూ సరిగ్గా ఐదక్షరాలే. ఖవ్వాలీ కూడా ఉంది, ఏడక్షరాలు, వాటిలో రెండు డబ్ల్యూలు. సంచిలో డబ్ల్యూలు రెండే ఉంటాయి, ఆ రెండూ మీ చేతికే వస్తే ఏడు బిళ్లలూ ఒకేసారి దించి యాభై పాయింట్ల బోనస్ కూడా తీసుకోవచ్చు. అలాగే జేతో ముగిసే మాటలు ఇంగ్లీషులో చాలా అరుదు, ఉన్నవాటిలో మనకు తెలిసినవే ఎక్కువ: రాజ్, తాజ్, హజ్, స్వరాజ్. తాజ్ అంటే తాజ్‌మహల్ అని కాదు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెల్లవు. దర్వేషులు పెట్టుకునే పొడుగు టోపీకి ఆ పేరుంది, అందుకని చెల్లుతుంది.

ప్రశ్న: అచ్చు లేని ఇంగ్లీషు మాటలు ఉన్నాయా? ఎనిమిదో తరగతి పిల్లలు అడిగారు. (శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక టీచర్)

జవాబు: ఏ, ఈ, ఐ, ఓ, యూ లేనివి చాలానే ఉన్నాయి టీచర్‌గారూ, కాకపోతే వాటిలో వై అచ్చు పని చేస్తుంది. ఐదక్షరాల్లో లింఫ్, నింఫ్, క్రిప్ట్, గ్లిఫ్, ట్రిస్ట్, పిగ్మీ. ఆరక్షరాల్లో రిథమ్, ఇంకా ‘సిజిజీ’ అని మూడు వైలున్న మాట, గ్రహణం రోజు సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరసలోకి వచ్చినట్టు ఉండే స్థితికి ఆ పేరు. సైన్సు క్లాసులో చెప్తే పిల్లలు మర్చిపోరు. వై కూడా లేనిది కావాలంటే ‘క్రూత్’ చూపించండి. సీ, ఆర్, డబ్ల్యూ, టీ, హెచ్. వేల్స్ దేశపు పాత తంత్రీవాద్యం పేరు, వాళ్ల భాషలో డబ్ల్యూ కూడా అచ్చే.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా పాప స్పెల్లింగ్ బీకి తయారవుతోంది. అక్షరాల సంఖ్యను బట్టి లిస్టులు చేసి రోజుకి ఇన్నని బట్టీ పట్టిస్తున్నాం. తనకి టెన్షన్ ఎక్కువైపోతోంది. (ఒక తండ్రి)

జవాబు: ఆ పద్ధతి ఈ రోజే ఆపేయండి. అక్షరాల సంఖ్య ఆ పోటీలో దేనికీ పనికిరాదు, అక్కడ మాట చెవికి వినిపిస్తుంది తప్ప గళ్లు కనిపించవు. పాప అడగగలిగేది మాట అర్థం, వాక్యంలో వాడకం, ఏ భాష నుంచి వచ్చిందీ అన్నవి. వాటిలో చివరిదే బంగారం.

అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ అయిన స్క్రిప్స్ పోటీలో 2023లో గెలిపించిన మాట ‘శామోఫైల్’, ఇసుక నేలల్ని ఇష్టపడే జీవి అని. పదకొండు అక్షరాలు. బట్టీ పట్టి ఉండకపోయినా గ్రీకు అని తెలిస్తే మొదట్లో పలకని పీ ఉండొచ్చని, ‘ఫ’ అంటే పీ-హెచ్ అని పట్టుకోవచ్చు. ఫ్రెంచి అంటే చివర పలకని అక్షరాలు, జర్మన్ అంటే ‘ష’కి ఎస్-సీ-హెచ్. పాపతో భాషల వారీగా చిన్న కథల్లా చెప్పుకుంటూ వెళ్లండి. 2024లో గెలిచిన మన బృహత్ సోమ టైబ్రేకర్‌లో 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పాడు. అంత వేగంలో లిస్టు గుర్తుచేసుకునే టైమ్ ఎక్కడుంటుంది, మాట వినగానే స్పెల్లింగు నోటికి రావాలి.

బట్టీ పని చెయ్యదని అనను. న్యూజిలాండ్‌లో పుట్టిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, మాటల జాబితా కంఠస్థం చేసి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచారు. కానీ ఆయనది అసాధారణమైన జ్ఞాపకశక్తి, పైగా అది బిళ్లల ఆట. పాపకి భాష మీద ఇష్టం పోకుండా చూసుకోండి, అది పోతే పోటీ గెలిచినా లాభం లేదు.

ప్రశ్న: తెలుగులో ఇలాంటి ఆట చేస్తే అక్షరాలు ఎలా లెక్కపెట్టాలి? ‘స్త్రీ’ ఒక అక్షరమా, మూడా? (కరీంనగర్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: మన చెవికీ మన ఛందస్సుకీ ఒకటే. ఉత్పలమాల పాదానికి ఇరవై, చంపకమాలకి ఇరవై ఒకటి అని లెక్కపెట్టేది అలాగే. కంప్యూటర్‌కి మాత్రం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం గుర్తు. నువ్వు ప్రోగ్రాం రాసేటప్పుడు కంప్యూటర్ చెప్పే పొడవును నమ్మితే గళ్లు తప్పుతాయి, పొల్లుతో కలిసినవాటినీ గుణింతం గుర్తులనూ ముందు ఒక్కటిగా కట్టుకుని తర్వాత లెక్కపెట్టు.

ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషుకి 26 అక్షరాలే, మనకి గుణింతాలు, ఒత్తులు కలిపితే వందలకు వందలు. ఐదక్షరాల మాట పెట్టి పూర్తి అక్షరం కలిస్తేనే రంగు ఇస్తానంటే ఆరు ప్రయత్నాల్లో ఎవరూ కనిపెట్టలేరు. మూడక్షరాల మాటలతో మొదలుపెట్టు, హల్లు కలిసి గుణింతం తేడా వస్తే దానికో రంగు, గుణింతం కలిసి హల్లు తేడా వస్తే ఇంకో రంగు ఇవ్వు. ‘కి’ వేసినప్పుడు జవాబులో ‘కు’ ఉంటే ఆడేవాళ్లకి ఆ సంగతి తెలియాలి.

అవధానాలు చూసి ఉంటే నీకు ఇంకా మంచి ఆలోచనలు వస్తాయి. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండాలని పృచ్ఛకుడు ముందే చెప్తాడు, అది మన ఆకుపచ్చ గడే. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెప్పుకుంటూ వెళ్తుంటే, తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు అడ్డుపడుతూ ఉంటాడు, అది బూడిద గడి. ఈ రెండింటినీ కలిపి ఇద్దరు ఆడే ఆటగా చెయ్యి, ఒకరు నిషేధిస్తుంటే ఇంకొకరు మాట కట్టాలి. చేశాక మాకు పంపు, మేమూ ఆడతాం.